మందు పట్టిన ముఖం

క్లచ్ మాస్టారికి యాభై ఎనిమిదో ఏట మొటిమలు వచ్చాయి. వస్తే వచ్చాయి, వాటిని చూసి ఆయన భార్య ఎగిరి గంతేసినంత పని చేసింది. సంగతి తెలియనివాళ్ళకి ఇది పిచ్చిగా కనిపిస్తుంది. తెలిసినవాళ్ళకి కూడా కాస్త పిచ్చిగానే కనిపించిందనుకోండి, అది వేరే మాట.

ఆయనకి డ్రైవింగ్ స్కూలు ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని "క్లచ్, క్లచ్" అని అరిచీ అరిచీ, అమ్మానాన్నలు పెట్టిన పేరు పోయి ఆ పేరే మిగిలింది. ఆవిడకి బ్యూటీ పార్లరు ఉంది, వీధిలో అందరికీ పార్లరక్క. ఒకే ఇల్లు, రెండు బోర్డులు. ఎడమ తలుపు తోస్తే కారు నేర్పుతారు, కుడి తలుపు తోస్తే కనుబొమలు తీరుస్తారు. కనుబొమల కోసం వచ్చిన ఒకావిడ తలుపు మారి, మొహమాటం కొద్దీ లెర్నర్ ఫారం నింపేసి వెళ్ళిన రోజు కూడా ఉంది.

మాస్టారి కారులో పక్క సీటు కింద ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు చేతులెత్తేసినప్పుడు ఆయన చప్పుడు కాకుండా తొక్కేస్తారు, బండి ఆగుతుంది. "నేనే ఆపానా సార్?" అని వాళ్ళు అడిగితే "నువ్వే ఆపావు" అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కరికి కూడా నిజం చెప్పిన పాపాన పోలేదు. నేను ఆపానని చెబితే ఆ మనిషి రేపు రాడు, వచ్చినా కాలు వణుకుతుంది అని ఆయన సిద్ధాంతం. పార్లరక్క ఎప్పుడైనా ఆ సీట్లో కూర్చుంటే చెప్పులు విప్పి కాళ్ళు వెనక్కి ముడుచుకునేది. ఆ పెడల్స్ జోలికి పోయేది కాదు.

ఇలా ఉండగా మాస్టారికి దగ్గు పట్టుకుంది. దగ్గు వెనకాల ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. జన్మలో ఒక్క సిగరెట్టు ముట్టని మనిషి. ఆయన పీల్చిన పొగంతా శిష్యులు మొదటి గేరులో ఏడిపించిన ఇంజను పొగే. పెద్దాసుపత్రి డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించి, రోజుకో మాత్ర రాసిచ్చింది. పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి. పన్నెండో వారంలో స్కానింగు.

"ఈ మాత్రకి ముఖం పేలుతుంది మాస్టారూ, కంగారుపడకండి," అంది డాక్టరమ్మ. "పేలిందంటే మందు పట్టిందని ఒక గుర్తు. దురద పెడితే ఈ ఆయింట్‌మెంటు రాయండి, ఎండలో తిరక్కండి, గిల్లకండి."

ఇందులో పార్లరక్క చెవికెక్కింది ఒక్కటే. పేలితే మందు పట్టినట్టు. మిగతాదంతా గాలికి పోయింది. పైగా ముప్పయ్యేళ్ళు మొటిమల మీద బతికిన మనిషి, సొంత తెలివి ఊరుకుంటుందా? ఆయింట్‌మెంటు రాస్తే మొటిమలు పోతాయి, మొటిమలు పోతే మందు పోతుంది, మందు పోతే ఆయన పోతాడు అని మనసులో లెక్క కట్టేసుకుంది. ఆ ట్యూబు తీసుకెళ్ళి బీరువా మీద, పాత సూట్‌కేసు వెనకాల పెట్టేసింది.

పదో రోజున ముక్కు పక్కన మొదటిది లేచింది. నెల తిరిగేసరికి నుదురు, బుగ్గలు, గడ్డం అన్నీ ఎర్రగా పేలిపోయాయి. రోజూ పొద్దున ఏడింటికి ఆవిడ మాస్టారిని పార్లరు కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు కట్టి, కళ్ళజోడు పెట్టుకుని, పెద్ద భూతద్దం దీపం వెలిగించి లెక్కపెట్టేది. పెళ్ళికూతుళ్ళ అపాయింట్‌మెంట్ల డైరీలో రాసుకునేది. నుదురు నలభై, కుడి బుగ్గ ఇరవై ఆరు, ఇలా. నూరు దాటిన రోజున కుర్చీ చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"సెంచరీ కొట్టాం," అన్నారు మాస్టారు, దురద ఆపుకోలేక పళ్ళు నూరుతూ.

"గోకకండి. ఒక్కటి చితికినా ఊరుకోను."

ఆ సమయానికే తన కూతురి మొటిమలు తగ్గించమని వచ్చిన ఒక తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల పార్లరక్క మొగుడి గడ్డం పైకెత్తి, "ఇదిగో, కింద ఇంకోటి, బంగారంలాంటిది," అని మురిసిపోవడం చూసి, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మాత్ర అంతటితో ఊరుకోలేదు. మాస్టారి కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా, కొసలు వంపు తిరిగి పెరగడం మొదలుపెట్టాయి. పార్లరుకి వచ్చే ఆడవాళ్ళు ఏదో ఒక వంకన ఎడమ తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూసిపోయేవారు.

"అక్కా, అన్నయ్యగారికి ఏం రాస్తున్నావు? నాకూ అదే రాయి," అంది ఒకామె.

"అది రాసేది కాదమ్మా, మింగేది."

"అయితే ఆ మాత్ర పేరు చెప్పు."

పార్లరక్క దారం పళ్ళ మధ్య పెట్టుకుని ఆమె కనుబొమల మీద పడింది. ఆ రోజు కనుబొమలు కొంచెం సన్నగా వచ్చాయని ఆమె తర్వాత వీధంతా చెప్పుకుంది.

స్కూల్లోనూ ఇబ్బందే. ఆ నెలలో నేర్చుకుంటున్న పళ్ళ డాక్టరుకి వృత్తి ధర్మమో ఏమో, రోడ్డు వదిలేసి మాస్టారి ముఖం వైపే చూపు పోయేది.

"సార్, మీ గడ్డం మీద ఉన్నది చీము పట్టిందేమో."

"పట్టింది మందమ్మా. మీరు ముందు చూడండి."

ముందు చూసేసరికి పాల వ్యాను. మాస్టారు కింద నించి బ్రేకు తొక్కారు.

"నేనే ఆపానా సార్?"

"మీరే ఆపారు."

బాగానే ఉంది కదా, ఇలా సాగిపోతే కథే లేదు. తొమ్మిదో వారంలో మొటిమలు తగ్గడం మొదలైంది. తొంభై, అరవై, నలభై ఒకటి. ఇరవై రెండు వచ్చిన రోజున ఆవిడ బల్బు మార్చింది. వెలుతురు సరిపోవడం లేదంది. మర్నాడు కొత్త బల్బు కింద పద్దెనిమిది వచ్చాయి. ముప్పయ్యేళ్ళుగా "నూనె వస్తువులు తినకండి, చాక్లెట్లు మానేయండి" అని ఊరందరికీ బుద్ధులు చెప్పిన మనిషి, మొగుడికి పూటకో వేపుడు, మధ్యాహ్నం చాక్లెట్లు పెట్టడం మొదలెట్టింది. దిండు గలీబు ఉతకడం మానేసింది. మాస్టారి పొట్ట పెరిగింది గానీ ముఖం మాత్రం రోజురోజుకీ నున్నబడింది.

పదో వారం చివర్లో ఒకరోజు తొమ్మిదే ఉన్నాయి. ఆవిడ నాలుగుసార్లు లెక్కపెట్టింది. నాలుగుసార్లూ తొమ్మిదే. డైరీ మూసేసి, "కాఫీ తెస్తాను," అని లోపలికి వెళ్ళింది. పావుగంట గడిచినా కాఫీ రాలేదు. మాస్టారు లేచి వెళ్ళి చూస్తే, ఆవిడ స్టవ్వు ముందు నిలబడి ఉంది. స్టవ్వు వెలిగించలేదు. గిన్నెలో పాలు కూడా లేవు.

మాస్టారికి భయం వేసింది. తన గడ్డ గురించి అప్పటికే కావలసినంత భయపడి ఉన్నారు, ఇది దాని మీద ఇంకో భయం. స్కానింగుకి ఇంకా రెండు వారాలుంది. ఈ రెండు వారాలూ ఆవిడ ఇలా వెలగని స్టవ్వు ముందు నిలబడితే ఏం కావాలి?

మర్నాడు పొద్దున అయిదింటికి లేచి మాత్ర వేసుకుని, పిల్లిలా పార్లరులోకి వెళ్ళి, పెళ్ళికూతుళ్ళ మేకప్ పెట్టెలోంచి ఒక పెదాల పెన్సిలు దొంగిలించారు. ఇటుక రంగుది. బాత్‌రూంలో తలుపు గడియ పెట్టుకుని, అద్దంలో చూసుకుంటూ అయిదు మొటిమలు పెట్టుకున్నారు. జీవితంలో ఎల్ బోర్డు మీద ఎర్ర అక్షరం తప్ప ఇంకేమీ గీయని చెయ్యి. ఒకటి మరీ పెద్దదైంది. దాన్ని తుడవబోతే బుగ్గంతా ఎర్రబడింది, అదీ ఒకందుకు మంచిదేలే అనుకున్నారు. తర్వాత ఎప్పటిలాగే మంచం ఎక్కారు. ఆ మాత్ర వేసుకున్నాక గంటసేపు ఆయనకి ఒళ్ళు తెలియని నిద్ర.

ఏడింటికి కుర్చీలో కూర్చుని, ముఖం దీపం వెలుగుకి కాస్త పక్కగా తిప్పుకున్నారు. అదృష్టం బాగుంది. ఆవిడ ఆ రోజు కళ్ళజోడు పెట్టుకోలేదు.

"ఎక్కడో పెట్టి మరిచిపోయాను, కనబడి చావడం లేదు," అంది. భూతద్దం కూడా పక్కకి నెట్టేసి, వేలితో తాకకుండా దూరం నించే లెక్కపెట్టింది. "పద్నాలుగు."

ఆ రోజు కాఫీ వేళకి వచ్చింది. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్న పార్లరక్క చెవిలో పువ్వు పెట్టానని మాస్టారికి లోలోపల గర్వం కూడా కలిగింది. సాయంత్రం ముఖం ఎలా కడగాలా అని మథనపడుతుంటే, "సబ్బు పెట్టకండి, నేను తుడుస్తాను," అని ఆవిడే వచ్చింది. ముదురు ఎరుపు తువ్వాలుకి నూనె అద్ది తుడిచింది. ఆ తువ్వాలు మీద ఏ మరకైనా కనబడదు. ఇదీ అదృష్టమే అనుకున్నారు ఆ అమాయకపు మాస్టారు.

ఇక రోజూ ఇదే పని. మూడో రోజున పది పెట్టుకున్నారు. ఉన్న తొమ్మిదిలో నాలుగు మానిపోయాయి కాబట్టి మొత్తం పదిహేను రావాలి. ఆవిడ లెక్కపెట్టి, "పంతొమ్మిది," అంది.

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను. పంతొమ్మిది."

మాస్టారు బాత్‌రూంలోకి పరుగెత్తి అద్దంలో చూసుకున్నారు. నిజమే. చెవి దగ్గర రెండు, గడ్డం మీద రెండు, తను పెట్టనివి. తన ఇటుక చుక్కల పక్కన అవి ఎంత బాగున్నాయో చెప్పలేం. చుట్టూ లేత ఎరుపు, మధ్యలో ముదురు, నడినెత్తిన తెల్లటి చుక్క. ఎంతైనా అసలుది అసలుదే, మనిషి చేత్తో వేసింది దానికి సాటి వస్తుందా అనుకుని, కళ్ళు తుడుచుకున్నారు. మందు మళ్ళీ పట్టింది.

మర్నాడు ఎనిమిది పెట్టుకుంటే ఇరవై వచ్చాయి. తర్వాత అయిదు పెట్టుకుంటే ఇరవై రెండు. ఒకరోజు గుండె చిక్కబట్టుకుని ఒక్కటి కూడా పెట్టుకోలేదు. ఆవిడ లెక్కపెడుతున్నంతసేపూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

"ఇరవై ఒకటి," అంది ఆవిడ.

ఆ రోజు మాస్టారు కారులో పాట పాడారు. పళ్ళ డాక్టరు హడలిపోయి, ఎవరూ చెప్పకుండానే బ్రేకు తొక్కింది. పెన్సిలు తీసిన చోటే పెట్టేశారు మాస్టారు. ఇంక దాంతో పనేముంది? అన్నం రెండోసారి వడ్డించుకున్నారు, స్కూలు బోర్డుకి కొత్త రంగు వేయిద్దామన్నారు, వచ్చే ఏడు ఇంకో కారు కొందామన్నారు. ఆవిడ అన్నిటికీ సరేనంది. ఆవిడ కళ్ళజోడు మాత్రం ఇంకా దొరకలేదు.

స్కానింగు చేయించారు. రిపోర్టు కవరు రెండు రోజులు టీవీ పక్కన ఉంది. ఇద్దరిలో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోవడం, ముఖమే చెబుతోంది కదా అని మాస్టారు ధైర్యంగా ఉన్నారు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు పొద్దున లెక్క ఇరవై మూడు.

డాక్టరమ్మ కవరు విప్పి చదివి, పక్కన పెట్టి, మాస్టారి ముఖం చూసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్ళీ చూసింది.

"ఇవి ఇంకా ఇన్ని ఉన్నాయేంటి? ఆయింట్‌మెంటు రాయడం లేదా?"

"మందు బాగా పట్టిందండీ," అన్నారు మాస్టారు ఛాతీ విరుచుకుని.

పార్లరక్క గోడ మీదున్న క్యాలెండరు వైపు తిరిగింది. డాక్టరమ్మ స్పిరిట్‌లో ముంచిన దూదితో బుగ్గ మీద ఒక మొటిమని మెల్లగా అద్దింది. మొటిమ దూదిలోకి వచ్చేసింది. ఇంకోదాన్ని అద్దింది, అదీ వచ్చేసింది. నుదురు, గడ్డం, చెవి పక్క, వరసగా అద్దుకుంటూ పోయింది. దూది ఎర్రబడింది. చివరికి ముక్కు పక్కన ఒక్కటి మాత్రం ఎంత రుద్దినా పోలేదు.

"మాస్టారూ, ఏంటిది? లిప్‌స్టిక్కా?"

"పెన్సిలు," అంది పార్లరక్క క్యాలెండరుతో. వృత్తికి సంబంధించిన తప్పు వింటే సరిదిద్దకుండా ఉండలేని జన్మ. "దానిమ్మ రంగు."

"కాదు, ఇటుక రంగు కదా," అనేశారు మాస్టారు. అన్నాక నాలుక్కరుచుకున్నారు. అప్పుడు తట్టింది ఆయనకి, తను పెట్టుకోవడం మానేసి ఆరు రోజులైందని.

డాక్టరమ్మ ఒకసారి ఈయన్ని, ఒకసారి ఆవిడని చూసింది. దూదిని పళ్ళెంలో పెట్టింది.

"ఎవరో ఒకరు చెప్పండి."

మాస్టారు చెప్పారు. తొమ్మిది దగ్గర మొదలుపెట్టి, స్టవ్వు సంగతి, పెన్సిలు సంగతి అంతా చెప్పారు. తన మటుకు తను చెప్పేసరికి కథ సగమే అయింది. మిగతా సగం ఆవిడ చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది కూడా.

"ఈ మొటిమలు మొదటి నెలలో వస్తాయి, తర్వాత చాలామందికి వాటంతటవే తగ్గుతాయమ్మా. చర్మం అలవాటు పడుతుంది," అంది డాక్టరమ్మ. "తగ్గితే మందు పనిచేయడం లేదని ఎవరు చెప్పారు మీకు?"

"మీరేగా అన్నారు, పేలితే పట్టినట్టని."

"పేలితే పట్టినట్టన్నాను. మానితే వదిలినట్టని అనలేదే."

డాక్టరమ్మ రిపోర్టు ఇద్దరి వైపూ తిప్పి పెట్టింది. గడ్డ సగానికి సగం తగ్గింది. ఇంకా ఉంది. ఎన్నాళ్ళు ఇలా పట్టి ఉంచుతుందో తను చెప్పలేనంది, కొందరికి ఏడాది, కొందరికి ఎక్కువ, ఎప్పటికప్పుడు చూసుకుంటూ పోవాలంది. ట్యూబు ఎక్కడుందో పార్లరక్కని అడిగి, దాన్ని బీరువా మీంచి కిందకి దించమంది. పార్లరక్క అన్నిటికీ తలూపింది. మాస్టారు మాత్రం పళ్ళెంలో దూది వంకే చూస్తూ కూర్చున్నారు. సగం అయిందన్న మాట ఆయనకి మెట్లు దిగుతున్నప్పుడు చెవికెక్కింది. అక్కడే రెయిలింగు పట్టుకుని ఒక మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆవిడ పక్కన కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళు వాళ్ళని తప్పుకుంటూ నడిచారు.

కారెక్కి తలుపు వేసుకున్నాక మాస్టారు అడిగారు.

"ఎన్నో రోజున తెలిసింది నీకు?"

"మొదటి రోజే. మొటిమ అలా ఉంటుందా ఎక్కడైనా? ఎర్ర బొత్తాలు కుట్టుకున్నట్టున్నారు."

"కళ్ళజోడు?"

పార్లరక్క హ్యాండ్‌బ్యాగు తెరిచి, కళ్ళజోడు తీసి పెట్టుకుంది. మాస్టారు కారు స్టార్టు చేశారు.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా."

"చెబితే ఏమవుతుంది? మీరు మానేస్తారు. ఇద్దరం కూర్చుని ఆ తొమ్మిదీ చూసుకోవాలి. మీరేమో నాకోసం అంత పొద్దున్నే లేచి అవస్థ పడుతున్నారు. మీరు వేసినవన్నీ అబద్ధమని మీకు తెలుసు. మీకు కొన్నయినా నిజమైనవి ఉండాలి కదండీ. మీరు నిద్రపోయాక వేసేదాన్ని. నా చేతి కింద పెళ్ళికూతుళ్ళే నిద్రపోతారు, మీరెంత?"

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పొడుగాటి రెప్పల మీద అవి నిలబడిపోయి ఎంతకీ కిందకి జారలేదు. రోడ్డు మసగ్గా కనిపిస్తోంది.

"అవి నిజమైనవని నేను పాటలు పాడుకున్నాను. నీకు ఒక్కటీ నిజం లేదని నీకు తెలుసు. ఈ రెండు వారాలూ నువ్వేం పట్టుకుని ఉన్నావే?"

"మీరు పాడుతున్నారుగా," అంది ఆవిడ. "అది వింటూ ఉన్నాను."

ఎదురుగా ఎర్రలైటు పడింది. మసక కళ్ళతో ఆయన దాన్ని ఆలస్యంగా చూశారు. ముందు లారీ వెనక భాగం మీదకి వచ్చేస్తుంటే కంగారుగా బ్రేకు మీద కాలు వేశారు. బండి కుదుపు లేకుండా, లారీకి మూరెడు దూరంలో మెత్తగా ఆగింది. అంత మెత్తగా తను తొక్కలేదని ఆయన కాలికి తెలుసు. తల తిప్పి పక్క సీటు కిందకి చూశారు. ఆవిడ చెప్పులు విప్పి లేవు. కాళ్ళు వెనక్కి ముడుచుకుని లేవు. కుడి కాలు రెండో బ్రేకు మీద ఉంది, ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టు స్థిమితంగా ఉంది.

"నేనే ఆపానా?" అని అడిగారు మాస్టారు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఎదురుగా లారీ వైపు చూస్తూ చెప్పింది.

"మీరే ఆపారు."